కొండ వయసు బురదనడిగారు

కశ్మీర్‌లో 'వుడుర్' అనే మట్టి మెట్టలుంటాయి. భూవిజ్ఞానులు వాటినే కరేవాలంటారు. పాంపోర్ కుంకుమపువ్వు పూసేది వీటి మీదే. పైన చదునైన పొలం. వాగు కోసిన చోట చూస్తే పొర మీద పొరగా ఒండ్రు, ఇసుక, గులకరాళ్లు. ఈ పొరల నుంచి పీర్ పంజాల్ కొండల వయసు తేల్చారు భూవిజ్ఞానులు డగ్లస్ బర్‌బ్యాంక్, గేరీ జాన్సన్. 1982లో 'నేచర్' పత్రికలో వచ్చిన వారి వ్యాసంలోని పనితనం నాకు ఎంతో ఇష్టం.

కొండ లేస్తూనే అరుగుతుంది, తన లెక్క తానే చెరుపుకుంటుంది. అందుకే వాళ్లు కొండ అడ్డుకట్ట వేసిన లోయనడిగారు. పీర్ పంజాల్ నైరుతిన లేవడంతో నీటి దారి మూసుకుపోయి, వెనక లోయలో వెయ్యి మీటర్లకు మించి బురద పేరుకుంది.

నిశ్చలమైన నీటిలో దిగే, అయస్కాంత గుణమున్న సన్నటి రేణువులు ఆనాటి భూ అయస్కాంత దిశకు సర్దుకుంటాయి. ఆ దిశ అప్పుడప్పుడు తిరగబడుతుంది. చివరిసారి తిరగబడింది సుమారు 7,80,000 ఏళ్ల కిందట. పొర తర్వాత పొర నమూనాలు కొలిస్తే తిన్నన, తలకిందులు, మళ్లీ తిన్నన అనే వరుస వస్తుంది. కానీ ఆ వరుసకు తేదీ ఉండదు. తేదీ ఇచ్చింది మధ్యలో దొరికిన అగ్నిపర్వత బూడిద. అందులోని స్ఫటికాల్లో యురేనియం పరమాణువులు చీలి మిగిల్చిన గీతలు లెక్కిస్తే సుమారు 24 లక్షల ఏళ్లు తేలింది. బూడిద ఒక్క క్షణాన్నే చెబుతుంది, అయస్కాంతం వరుసనే చెబుతుంది. ఆ రెంటినీ అతికిన తీరులోనే ఉంది ఒడుపంతా. అలా లోయ మూసుకుపోవడం మొదలై దాదాపు 40 లక్షల ఏళ్లయిందని తెలిసింది.

కశ్మీర్ ఒకప్పుడు సతీసరస్సు అని నీలమత పురాణం చెబుతుంది. శాస్త్రం దాన్ని రుజువు చేసిందనే మాట నేను ఒప్పుకోను. పొరల్లో కనిపించేది ఒకే సరస్సు కాదు. కొన్నాళ్లు సరస్సు, కొన్నాళ్లు నదీ మైదానం. కథ అందం కథది, మట్టి సాక్ష్యం మట్టిది.

పీర్ పంజాల్ అంచున పాత పొరలు లోయ వైపు బాగా ఏటవాలుగా ఉంటాయి. సరస్సు అడుగున బురద చదునుగానే పరుచుకుంటుంది కదా! వాటి మీద పడ్డ కొత్త పొరలు మాత్రం దాదాపు చదునుగా ఉన్నాయి. అంటే అడ్డుకట్ట వేసిన కొండే, లేస్తూ లేస్తూ తాను నిలిపిన సరస్సు అడుగును కూడా భుజానెత్తుకుంది. నీరు చివరికి బారాముల్లా దగ్గర దారి చేసుకుంది. జీలం నది ఇప్పటికీ అటే పోతుంది.