'కల్చర్ ఫిట్' అంటే ఎవరి కల్చర్?

సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని ఎలా ఎంచుకోవాలి, ఎంచుకున్నాక ఆఫీసు వాతావరణాన్ని ఆరోగ్యంగా ఎలా ఉంచుకోవాలి అనే విషయం మీద ఇవ్వాళ చాలా రాతలు వస్తున్నాయి. మేనేజిమెంట్ పుస్తకాల్లో, హెచ్ఆర్ వాళ్ళ ఉపన్యాసాల్లో, కాలేజీ ప్లేస్‌మెంట్ క్లాసుల్లో ఒకటే పాట. పని వస్తే చాలదు, మనిషి మన 'కల్చర్'కు సరిపోవాలి. పని నేర్పుకోవచ్చుగానీ స్వభావం నేర్పలేం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వీళ్ళెవరి నోటా కులం అనే రెండక్షరాల మాట రాదు. ఈ దేశంలో కులం ఊసెత్తకుండా కల్చర్ గురించి గంటలకొద్దీ మాట్లాడటం ఎలా సాధ్యమవుతోందో చర్చకు పెట్టాలని మేం అనుకుంటున్నాం.

1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామని వి.పి.సింగ్ ప్రభుత్వం ప్రకటించగానే అగ్రవర్ణ విద్యార్థులు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. ప్రతిభకు విలువ లేకపోతే మాకిక మిగిలేది ఈ పనులేనని వాళ్ళ భావం. తరతరాలుగా ఆ పనులు చేస్తున్నవాళ్ళు చూస్తున్నారన్న సోయి కూడా లేదు. మరుసటేడు వచ్చిన సరళీకరణ తర్వాత, మంచి జీతాల కొత్త ఉద్యోగాలు ఎక్కువగా రిజర్వేషన్ అడుగుపెట్టలేని ప్రైవేటు రంగంలోనే పుట్టాయి. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ కూడా అంతే. భూమి ప్రభుత్వానిది, రాయితీలు ప్రభుత్వానివి, ఉద్యోగాలు మాత్రం 'ప్రతిభ'వి. (వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మాలమాదిగల మధ్య దానిమీద ఎంత వాదమైనా ఉండొచ్చు. ప్రైవేటులో పంచుకోవడానికి అసలు వాటానే లేదు కదా!)

ఈలోగా ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మన వాడల నుంచి ఇంజనీర్లు వందలు, వేలుగా బయటికొచ్చారు. అమీర్‌పేట గదుల్లో జావా నేర్చుకున్నారు. మార్కులు, సర్టిఫికెట్లు మనకూ వచ్చాయి. అప్పుడు జల్లెడ మారింది. దాని పేరే కల్చర్.

ఇక్కడ రెండు పరిశోధనల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు కంపెనీలకు 4,808 దరఖాస్తులు పంపించారు. చదువులు సమానం, పేర్లే వేరు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకైతే మూడో వంతే. ఇది 2007లో వచ్చింది. అభిజిత్ బెనర్జీ బృందం ఢిల్లీలో ఇలాంటి పరీక్షే చేసి 2009లో అచ్చేసిన వ్యాసంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిలుపుల్లో చెప్పుకోదగ్గ కుల తేడా కనపడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం వెనుకబడిన కులాల పేర్లకు స్పష్టంగా, దళితుల పేర్లకు కొంత తక్కువగా తేడా కనపడింది. ఈ రెండో పరిశోధనను మనవాళ్ళు ఎక్కువగా ప్రస్తావించరు. మాకైతే అదే ముఖ్యం అనిపిస్తుంది. కోడ్ రాసే ఉద్యోగంలో, పైగా పిలుపు దశలోనే, పేరు అంతగా అడ్డు రాలేదు. నోటి మాటే పనైన చోట పేరు అడ్డొచ్చింది. మరి సాఫ్ట్‌వేర్‌లో కూడా పిలుపు తర్వాత జరిగేదంతా నోటి మాటే కదా. 'కమ్యూనికేషన్', 'యాటిట్యూడ్', 'ఫిట్' అన్నీ అక్కడే తూస్తారు.

పిలుపుకు ముందు ఉండే కంచె ఇంకొకటి. పదో తరగతి నుంచి బి.టెక్ దాకా అన్నిట్లో 60 శాతం ఉండాలి. బ్యాక్‌లాగ్ ఉండకూడదు. చదువులో గ్యాప్ ఉండకూడదు. ఇందులో కులం ఎక్కడుందని అడుగుతారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠం అర్థంగాక రెండు సబ్జెక్టులు తప్పుతుంది. నాలుగో ఏడాదికి క్లాసులో ముందుంటుంది. కానీ అప్పటి శాతం కాగితం మీద అలాగే ఉంటుంది. తండ్రి మంచాన పడితే ఏడాదిపాటు పనికెళ్ళి మళ్ళీ చదువుకొచ్చిన పిల్లవాడి బతుకు 'గ్యాప్' అయిపోతుంది. ప్రభుత్వం ఫీజు బకాయి పెడితే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది. కంపెనీ జాయినింగ్ తేదీ మాత్రం ఆగదు. ఒక్కోటి చూస్తే ఏ నిబంధనా కులం పేరెత్తదు. అన్నీ కలిపితే వాడ మొత్తాన్ని ఏరేస్తాయి.

మాలో కొందరం పరిశోధనలోకి రాకముందు క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్ళినవాళ్ళమే. 'మీ గురించి చెప్పండి' తర్వాత వచ్చేది 'మీ ఫాదర్ ఏం చేస్తారు?' కూలి అని చెబితే గది ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. తర్వాత 'వెరీ ఇన్‌స్పైరింగ్' అంటారు. ఆ తర్వాత 'ఎంసెట్ ర్యాంకు ఎంత?' అని అడుగుతారు. ర్యాంకుకూ వచ్చిన కాలేజీకీ పొంతన కుదరకపోతే కులం తెలిసిపోయినట్టే. ఇంకా అనుమానముంటే ఇంటిపేరు, ఊరు, ఊళ్ళో ఎటువైపు అని కూడా అడుగుతారు. ఇది మా ఊహ కాదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లను కలిసి మాట్లాడి 2007లో అచ్చేసిన వ్యాసంలో ఇదే తేలింది. కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్న ఆ మేనేజర్లే 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' తప్పకుండా అడుగుతామని చెప్పారు. అంటే ప్రతిభను కుటుంబంలోనే వెతుకుతున్నారన్న మాట. రెఫరల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలిసినవాడు తెలిసినవాణ్ణే తెస్తాడు. తెలిసినవాళ్ళు ఎవరో మన పెళ్ళిపందిళ్ళు చూస్తే తెలుస్తుంది.

లోపలికి వెళ్ళాక 'మేమంతా ఒక కుటుంబం' అంటారు. దసరాకు కంప్యూటర్లకు బొట్లు పెట్టి ఆయుధపూజ చేస్తే అది కల్చర్. ఏప్రిల్ 14న అంబేడ్కర్ ఫోటో పెడదామంటే ఆఫీసులోకి రాజకీయాలు తేవద్దంటారు. డబ్బాలో గొడ్డుమాంసం తెచ్చుకునేవాడు ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలో ఎవరూ చెప్పరు, వాడికే తెలిసిపోతుంది. అదే అద్దాల మేడను రోజూ తుడిచే అక్కలు, మేం చూసిన మేరకు చాలామంది మన వాడల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. 'హెల్దీ వర్క్‌ప్లేస్' సర్వేలో వాళ్ళని ఎవరూ అడగరు.

కులం ఊరి రోగం, నగరానికి వస్తే, విమానమెక్కితే పోతుంది అనే వాదన ఒకటుంది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద వేసిన కేసు ఆ వాదనను ప్రశ్నించింది. ఐఐటీలో రిజర్వేషన్ మీద చదివాడన్న మాట సహోద్యోగుల్లో బయటపెట్టి, ఆ తర్వాత ఒక దళిత ఇంజనీరును అణిచిపెట్టారని ఆరోపణ. కంపెనీ కాదంది. ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023 ఏప్రిల్‌లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కేసు మాత్రం అప్పుడు తీసెయ్యలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ బిల్లును అక్టోబరులో గవర్నరు వీటో చేశాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు. గెలుపోటములు అటుంచితే, అక్కడ కులం ఆఫీసు విషయమని వాదించడానికి ఒక చోటు దొరికింది.

ఇక్కడ ఆ చోటే లేదు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నాయి. అవి నేర చట్టాలు, పోలీస్ స్టేషన్ నుంచి మొదలవుతాయి. రేటింగ్ తగ్గించే మేనేజరు కులం పేరుతో తిట్టడు, ఇంగ్లీషులో నవ్వుతూ తగ్గిస్తాడు. ఎక్కడికి పోవాలి?

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఆ చట్టానికి మూలం 1997 నాటి విశాఖ తీర్పు. ఆ తీర్పుకు మూలం రాజస్థాన్‌లో వెనుకబడిన కులానికి చెందిన భన్వరీ దేవి. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద పై కులాలవాళ్ళు సామూహిక అత్యాచారం చేశారు. అలాంటి స్త్రీ పోరాటంలోంచి పుట్టిన చట్టం హైటెక్ సిటీ దాకా వచ్చేసరికి అందులో కులం లేదు. వికలాంగుల విషయంలో కూడా 2016 చట్టం ప్రైవేటు సంస్థల్ని సమాన అవకాశాల విధానం ప్రకటించమంటోంది. లిస్టెడ్ పెద్ద కంపెనీలు సెబీకి ఇచ్చే నివేదికలో స్త్రీలెందరో, వికలాంగులెందరో రాయాలి. ఇవి మంచివే. మరి ఎస్సీ, ఎస్టీలు ఎందరో రాసే గడి ఎందుకు లేదు?

మేం అడిగేది పెద్ద విషయమేమీ కాదు. నివేదికలో ఆ గడి పెట్టాలి. కమిటీలో కులవివక్ష ఫిర్యాదుకు చోటుండాలి. తండ్రి వృత్తి, ఎంసెట్ ర్యాంకు, ఇంటిపేరు అడగకూడదని రాతపూర్వకంగా ఉండాలి. ఈ ఏడాది ఇంటర్వ్యూలకు వెళ్తున్న మన పిల్లలు, వాళ్ళకు చదువు చెప్పే టీచర్లు, అక్కడ ఎదురైన ప్రశ్నల్ని తేదీతో సహా, మాట మార్చకుండా రాసిపెట్టండి. మాకు పంపండి.