ఎండతో ఇంధనము: ఒక విమర్శ

అనంతపురం పీఠభూమిలోని గోరంట్ల ప్రాంతమున ఎండకు కొదువ లేదు. కొదువ అంతయు నీటికే. ఎండ సాయముతో బొగ్గుపులుసు వాయువును ఇంధనముగా మార్చవచ్చునను వార్త ఇట్టి మెట్టసీమలో ఆశ పుట్టించుట సహజము. కాని ఆశకు ముందు పరీక్ష జరుగవలెను.

ఈ పరిశోధనకు దారి చూపినది 1979లో జపాను శాస్త్రజ్ఞులు ఇనోవె, ఫుజిషిమ, కొనిషి, హోండాలు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము. టైటానియం డయాక్సైడు వంటి అర్ధవాహకపు పొడిని నీటిలో కలిపి, అందులోనికి ఈ వాయువును పంపి, వెలుగు ప్రసరింపజేయగా ఫార్మిక్ ఆమ్లము, మిథనాలు మొదలగునవి ఏర్పడినవి. వెలుగు సోకగానే పొడిలోని ఎలక్ట్రాను పై శక్తిస్థాయికి చేరును. దాని చోట రంధ్రము మిగులును. ఎలక్ట్రాను వాయువును క్షయకరించును. రంధ్రము నీటిని ఆక్సీకరించును. అయితే ఈ రెండును త్వరలోనే మరల కలిసిపోవును. కణము నానో పరిమాణమున ఉన్నచో అవి ఉపరితలమును చేరవలసిన దూరము తగ్గును. నానో పదార్థముల అసలు గుణము ఇదియే.

ఇక లోపములు. టైటానియం డయాక్సైడు సుమారు 388 నానోమీటర్లకు లోబడిన కిరణములనే గ్రహించును. సూర్యకాంతిలో అవి నూటికి అయిదు పాళ్లకు మించవు. అందుచే ప్రయోగశాలలోని దీపము క్రింద వచ్చిన ఫలితమును ఎండకు అన్వయింపరాదు.

రెండవది, వచ్చిన మీథేనులోని కార్బను ఎక్కడిది? పొడి తయారీలో అంటుకొనిన సేంద్రియ మలినములు విచ్ఛిన్నమై కూడ మీథేను రావచ్చును. కార్బన్-13 గల వాయువుతో ప్రయోగించి చూపినగాని నమ్మరాదు.

మూడవది కొలత. గ్రాము పొడి గంటకు 10 మైక్రోమోలుల మీథేను ఇచ్చెనన్నచో అది 0.16 మిల్లీగ్రాము మాత్రమే. పడిన వెలుగెంతో చెప్పక గ్రాముల లెక్క చెప్పుట, ఎకరముల మాట ఎత్తక విత్తనపుకాయల తూకమునుబట్టి వేరుసెనగ దిగుబడి చెప్పుట వంటిది.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయమున టైటానియా నానో గొట్టములతో, గ్లిసరాలు కలిపిన నీటినుండి ఉదజనిని తీయు పరిశోధనలు జరిగినవి. అందు గ్లిసరాలు రంధ్రములను హరించి ఎలక్ట్రానులను కాపాడును, తాను ఖర్చగును. ఇట్టి సహాయకద్రవ్యము ఖర్చయిన ఫలితమును, నీరు మాత్రమే ఖర్చయిన ఫలితమును ఒకే త్రాసున తూచరాదు. నీరును ఉచితము కాదు: 16 గ్రాముల మీథేనుకు 36 గ్రాముల నీరు కావలెను.

ఈ విమర్శ పరిశోధనను తక్కువచేయుటకు కాదు. ఇట్టి వార్త చదివిన విద్యార్థి ఏ వెలుగు, ఎక్కడి కార్బను, ఏది ఖర్చు అని అడుగవలెను; ఉపాధ్యాయుడు అడుగుట నేర్పవలెను.