జత లెక్క

అక్వేరియం దుకాణంలో ఏ చేప ధర అడిగినా జతకే చెబుతారు. "టైగర్ జత అరవై, ఏంజెల్ జత నూట ఇరవై సార్." చెప్పులకు పనికొచ్చే లెక్క చేపలకెలా వచ్చిందో గానీ, ఇళ్లలో తొట్టెలు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే.

కొత్తగా తొట్టి కొన్నవాళ్లు రెండు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్, రెండు టైగర్, రెండు నియాన్ టెట్రా తీసుకుంటారు. "అద్దం శుభ్రం చేస్తుంది" అంటూ దుకాణదారు ఒక సక్కర్‌ని కూడా చేతిలో పెడతాడు. రెండడుగుల తొట్టి, సుమారు 55 లీటర్ల నీళ్లు, అయిదు రకాలు. కొన్నాళ్లకు ఏంజెల్ రెక్కలు పీలికలై ఉంటాయి, నియాన్లు కనిపించవు. నింద టైగర్ మీద పడుతుంది. "అది రౌడీ చేపండీ!"

టైగర్ తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటాను. టైగర్ బార్బ్ సుమత్రా, బోర్నియో దీవుల వాగుల్లో గుంపుగా బతికే చేప. ఆ గుంపులో ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చుకోవడమే దానికి రోజంతా పని. ఒకదాన్నొకటి తరుముకుంటాయి, మూతితో పొడుచుకుంటాయి. ఆ పోట్లు పదింటికీ పంపకమవుతాయి గనుక ఏ ఒక్కదానికీ ప్రాణం మీదికి రాదు. రెండే ఉన్నచోట ఆ చలాయింపు ఎవరి మీద? పక్కనే పొడుగు రెక్కలు వేలాడేసుకుని నింపాదిగా తిరిగే ఏంజెల్ ఉంటుంది. టైగర్లను ఎనిమిదో పదో కలిపి మూడడుగుల తొట్టిలో వేసి చూడండి, వాటి గొడవలు వాటిలోనే సర్దుకుంటాయి. కొరకడం బొత్తిగా మానేస్తాయని మాత్రం పూచీ పడను. ఎన్ని ఉన్నా వాటి పక్కన పొడుగు రెక్కల చేపను నేనైతే వెయ్యను.

నియాన్‌ది వేరే కథ, దానికి భయం. సుమారు మూడు సెంటీమీటర్లుండే ఈ అమెజాన్ చేప రెండే ఉంటే మొక్కల వెనక నక్కి, తిండికైనా బయటికి రాదు. ఏడెనిమిది ఉంటే ధైర్యంగా తొట్టి మధ్యలో తిరుగుతుంది. ఏంజెల్‌దీ ఆ అమెజానే కదా, కలుస్తాయిలే అనుకుంటారు. పిల్లగా ఉన్నన్నాళ్లూ ఏంజెల్ వాటి జోలికి రాదు. ఎదిగాక మాత్రం నోట్లో పట్టేదల్లా దానికి తిండే. లైట్లు ఆర్పాక ఒక్కొక్క నియానూ మాయమవుతుంది, పొద్దున్న లెక్కపెట్టుకునేదాకా మనకు తెలీదు.

నిజానికి వీటన్నిటిలో జంట కట్టేది ఏంజెలే. తమాషా ఏమిటంటే, దుకాణంలో అమ్మే జత ఆ జంట కాదు. గుడ్లు పెట్టే వేళ దాకా ఏది ఆడో ఏది మగో తేల్చడం ఆరితేరినవాళ్లకే కష్టం. సంచిలో పడ్డవి రెండూ మగవే కావచ్చు. ఒకవేళ జంట కుదిరిందా, ఏ ఆకునో ఫిల్టర్ గొట్టాన్నో ఎంచుకుని గుడ్లు పెట్టి, మిగతా చేపలన్నిటినీ ఒక మూలకు తరిమేస్తాయి.

గప్పీలు జతగా ఉంటే ఆడదానికి ఊపిరాడదు, మగది క్షణం వదలదు. ఒక మగకు రెండు మూడు ఆడవి ఉండాలి. ఫైటర్‌కి అసలు తోడే వద్దు. రెండు మగవాటిని కలిపితే ఒకటే మిగులుతుంది. ఆడదాన్నైనా గుడ్ల కోసం మాత్రమే కలిపి, పని కాగానే తీసేస్తారు.

కొట్లాటలు కంటికి కనిపిస్తాయి గనుక అందరూ చేప గుణమే అడుగుతారు, నీళ్ల ఊసెత్తరు. హైదరాబాద్ బోరు నీళ్లు బకెట్‌కి తెల్లటి పొర కట్టించే రకం. నియాన్ పుట్టింది దాదాపు సున్నమే లేని మెత్తటి నీళ్లలో. అదే బోరు నీళ్లలో గప్పీ, మోలీ, ప్లాటీ హాయిగా పెరుగుతాయి. ఇక గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల జీవి, 20 డిగ్రీలైతే దానికి సుఖం. ఏంజెల్‌కి 26 కావాలి. ఒకే తొట్టిలో ఇద్దరికీ నచ్చే వేడి ఉండదు. పైగా మే నెలలో మన ఇళ్లలో నీళ్లు 30 దాటితే గోల్డ్‌ఫిష్ బతుకు మరీ దుర్భరం.

మా తొట్టిలో రెండే రకాలు, జీబ్రాలూ ప్లాటీలూ. జీబ్రా డానియో మన ఉపఖండపు చేపే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో 1822లోనే దాన్ని వర్ణించాడు. వేడికీ చలికీ, బోరు నీళ్లకీ సర్దుకుపోతుంది. గుంపుగా ఉండాలి, ఈదడానికి పొడవాటి జాగా ఉండాలి, అంతే. ఇంటికొచ్చిన వాళ్లు "ఇంతేనా?" అంటారు. కాసేపు కూర్చుంటే ఆ మాట మరిచిపోతారు.

సక్కర్ ఉండాలి కదా అని సలహా కూడా ఇస్తారు. వేలెడంత ఉన్నప్పుడు కొంటాం గానీ, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప అడుగు దాటి పెరుగుతుంది. పాచి నాకడం తగ్గించి, మందకొడి చేపల ఒంటి జిగురు నాకడం మొదలుపెడుతుంది. అప్పుడు జాలిపడి తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. ఆంధ్రా, తెలంగాణా చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది, మేత తినేస్తుంది, కొనేవాడు మాత్రం ఉండడు. పెరిగిపోయిందనుకుంటే దుకాణానికే తిరిగిచ్చేయండి, ఊరికే ఇస్తే చాలామంది తీసుకుంటారు. అద్దం మీది పాచి అంటారా, వారానికోసారి స్పాంజి పెట్టి నేనే తుడుస్తాను.