చోడి బిస్కత్తుకు దండం

ఉప్పు ఎరగనిదానా, పంచదార ముఖం చూడనిదానా, చోడిపిండి ఛాయలో పళ్ళెం నిండా పరుచుకున్న చిన్నదానా, నీకు దండం. మనిషి నాలుక కోసం పుట్టనందుకు దండం. నిన్ను తినే నోరు బాగుందని చెప్పదు, ఇంకాస్త ఉప్పు పడాల్సిందని వంక పెట్టదు. అయినా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో ఒక వంటింటి గట్టు మీద, పండగ పిండివంటకి పట్టేంత శ్రద్ధతో నిన్ను కలుపుతారు.

ఈ ఊరిని పట్టాలు కన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి లైను తెచ్చింది, వెనకే వర్క్‌షాపు లేచింది, దాంట్లో పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు రైలెక్కి వచ్చారు. నిమ్‌పురా, మథురాకాటి వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు వినపడుతుంది. వాళ్ళ మూటల్లో చోళ్ళు (రాగులు) కూడా వచ్చే ఉంటాయి. అంబలి కాచుకున్న ఆ గింజే ఇప్పుడు గుమ్మం ముందు తోకాడించే జీవానికి బిస్కత్తయింది. గిన్నె అడుగున మిగిలింది కుక్కకి పెట్టడం మనకి పాత అలవాటే. మిగిలింది పెట్టడం వేరు, దాని కోసమే పొయ్యి వెలిగించడం వేరు. నేను మొక్కేది ఆ వెలిగించిన పొయ్యికి.

గోల్‌బజార్‌లో ఎర్రగా పండిన గుమ్మడి ముక్క తెచ్చి, చెక్కు తీసి, నీళ్ళు పోసీ పొయ్యకుండా మగ్గబెట్టాలి. చల్లారాక చేత్తో మెదపాలి. రెండు పాళ్ళు చోడిపిండి, ఒక పాలు గోధుమపిండి, ఒక కోడిగుడ్డు, దోరగా వేయించి పొట్టు ఊది దంచిన వేరుశనగపప్పు ఒక గుప్పెడు. వేరే నీళ్ళక్కర్లేదు, గుమ్మడి గుజ్జులో ఉన్న తడే చాలు. చోడిపిండికి సాగే గుణం లేదు, ఒంటరిగా ఒత్తితే అంచులు పగిలిపోతాయి. గోధుమపిండి దాన్ని పట్టుకుంటుంది, గుడ్డు రెండింటినీ కట్టేస్తుంది. చపాతీ పిండికంటే గట్టిగా ముద్ద చేసి, చిటికెన వేలి మందాన ఒత్తి, సీసా మూతతో గుండ్రాలు కొయ్యాలి. ఓవెన్ ఉన్న ఇంట్లో 170 డిగ్రీల వేడిలో అరగంట. లేని ఇంట్లో మందపాటి గిన్నెలో ఇసుక పోసి, పైన పళ్ళెం పెట్టి, మూత వేసి, సన్న సెగ మీద. ఎలా కాల్చినా ఆఖర్న మంట ఆపేసి, ఆ వేడిలోనే నిన్ను ఇంకో గంట వదిలెయ్యాలి. లోపలి తడి ఆరేది అప్పుడే, విరిస్తే టక్కుమనేంత గట్టిపడేది అప్పుడే. బెంగాల్ వానాకాలం తడి ఉన్న దేన్నీ క్షమించదు. కాస్త మెత్తగా దించితే రెండు మూడు రోజుల్లో బూజు పట్టేస్తావు.

ఇల్లంతా వేగిన చోడి వాసన, దాని అడుగున సన్నగా గుమ్మడి తీపి. మన ముక్కుకి అందేది అంతవరకే. వాసన పట్టే గ్రాహకాలు మనకి లక్షల్లో ఉంటే కుక్కకి కోట్లలో ఉంటాయి. గుడ్డు విడిగా, వేరుశనగ విడిగా, పిండి పిసికిన చెయ్యి విడిగా దానికి తెలుస్తాయి. నాలుక మీద రుచిమొగ్గలు మాత్రం మనకున్నవాటిలో అయిదో వంతే. నిన్ను అది నోటికంటే ముందు ముక్కుతో తింటుంది. మెట్ల కింద పడుకున్నది లేచి తలుపు దాకా వచ్చేసరికే సగం తినేసినట్టు.

నీలో ఉన్నవాటికి ఒక దండమైతే, లేనివాటికి వెయ్యి దండాలు. నీలో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, అవి దాని నెత్తుటి కణాలని చిట్లగొడతాయి. ద్రాక్ష లేదు, కిస్‌మిస్ లేదు, అవి మూత్రపిండాల మీద దెబ్బ తీస్తాయి. చాక్లెట్ లేదు, అందులోని థియోబ్రోమిన్‌ని దాని ఒళ్ళు త్వరగా వదిలించుకోలేదు. పంచదార బదులు వేసే జైలిటాల్ లేదు, అది కొంచెం లోపలికి పోయినా కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది. కొన్న వేరుశనగ వెన్నలో అది ఉండొచ్చు, అందుకే వాడేవాళ్ళు డబ్బా వెనక అక్షరాలు చదివి తీరాలి. కమ్మగా ఉంటుందని ఓ చెంచా నెయ్యి వెయ్యాలని చెయ్యి లాగుతుంది. వెయ్యకూడదు. మనకి ముద్దయినవన్నీ వరసగా పక్కన పెడుతూ పోతే చివరికి మిగిలే చప్పదనం నువ్వు. ఆ చప్పదనంలో ఉన్నంత ఆపేక్ష నేను ఏ పాకంలోనూ చూడలేదు.

నీ పూర్వులు ఓడలెక్కినవాళ్ళు. నావికులు నెలల తరబడి దాచుకు తినే గట్టి బిస్కత్తుని రేవులో కుక్కలు ఆబగా తింటుంటే జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ చూశాడని, 1860 ప్రాంతంలో లండన్‌లో కుక్కల కోసమే బిస్కత్తు చెయ్యడం మొదలెట్టాడని చెబుతారు. గోధుమ, బీట్‌రూట్, కూరగాయలు, పశువుల రక్తం కలిపాడట. దూరం పోయేవాళ్ళ తిండి అలా కుక్కల తిండి అయింది. నాకు ఇది ఎంతో సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఈ ఊళ్ళో అందరూ ఎక్కడి నుంచో రైలు దిగినవాళ్ళే. నిన్ను అరిగించుకునే శక్తి కుక్కకి ఎప్పుడు వచ్చిందంటావా, అది మన పొయ్యి పక్కన సంపాదించుకున్నదే. తోడేలుకి లేనన్ని పిండి అరిగించే జన్యువులు కుక్కలో ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. వేల ఏళ్ళు మన ముద్దల పక్కన కూర్చుని ఒంటినే మార్చుకున్న జీవమది. చోడిపిండి మీద దానికి హక్కుంది.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో దానిదే పేరు, ఆ తర్వాత హుబ్బళ్ళి ఇంకా ముందుకు పోయింది. ఆ పొడవు మొత్తం కాళ్ళతో కొలిచినవి కుక్కలే. కోరమండల్ ఆగితే ఏ పెట్టె దగ్గర పొట్లాలు విప్పుతారో వాటికి తెలుసు. టీ కొట్టు సీసాలోని లేడో బిస్కట్ కొని విసిరేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మనసుకీ దండమే. కానీ దాంట్లో మైదా, చక్కెర. నువ్వు వెళ్ళాల్సింది జనం కాళ్ళ మధ్యకి కాదు, క్వార్టర్స్ వెనక గోడ వారకి. మెట్ల ముందు వద్దు, పిల్లలాడే చోట వద్దు, 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా అదే చెబుతున్నాయి. రోజు తిండిలో పదో వంతు మించనివ్వొద్దని పశువైద్యుల మాట. నీ వెనకే రేబిస్ టీకా కూడా వెళ్ళాలి. నిన్ను తినడానికి దగ్గరికొచ్చే కుక్కని టీకాకి పట్టుకోవడం తేలిక, అదీ నీ పుణ్యమే.

బెంగాలీ ఇంటావిడ "ఆయ్ ఆయ్, తూ తూ" అంటుంది, మన పిన్ని "దా, దా" అంటుంది, వీధి కుక్క కాలూ రెండు పిలుపులకీ వస్తుంది. ఈ రాష్ట్రంలోనే, ఐసర్ కోల్‌కతా అనే పరిశోధనా సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల్ని ఏళ్ళ తరబడి గమనిస్తోంది. కొత్త మనిషిని కుక్క నమ్మడానికి పదే పదే పెట్టే తిండికంటే పదే పదే తల నిమరడం ఎక్కువ పని చేస్తుందని 2017లో వాళ్ళు రాశారు. చిన్నబుచ్చుకోకు. నువ్వు చేతిని అక్కడిదాకా తీసుకెళతావు, ఆ తర్వాతి పని చేతిది. చెయ్యి నిమరనూ గలదు, కొట్టనూ గలదు. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుడి యజ్ఞశాల దగ్గర ఏ తప్పూ చెయ్యని సారమేయుణ్ణి కొట్టారు, తల్లి సరమ వచ్చి రాజుని నిలదీసింది. మన భారతం మొదట్లోనే ఒక కుక్క తల్లి న్యాయం అడిగింది. ఆ కథ విన్న భాషలో నిన్ను పొగుడుతున్నాను.

కాళీపూజ వస్తోంది. టపాసులు మొదలైతే అన్నీ మెట్ల కిందకి దూరిపోతాయి, అప్పుడు ఎవరు పిలిచినా రావు. ఆ వారానికి రెండు పళ్ళాలు ఎక్కువ కాల్చాలి, చీకటి పడకముందే పంచేయాలి. వాటిలో ముసలి లాలూ ఒకటుంది, దానికి ముందు పళ్ళు ఊడిపోయాయి. దాని వంతు నాలుగూ గోరువెచ్చని నీళ్ళలో వేసి పక్కన పెట్టమ్మా పిన్నీ, నానడానికి కాస్త టైము పడుతుంది.