గాలియు గొంతును

ధ్వనిముద్రణములను సవరించు సాఫ్ట్‌వేరులో ‘ఎఫెక్టులు’ అను పట్టికను తెరిచినంతనే ఈక్వలైజర్, కంప్రెసర్, ఎకో, రివర్బ్, నాయిస్ రిడక్షన్ మొదలైన పేర్లు బారులు తీరి కానవచ్చును. 2000వ సంవత్సరమున వెలువడి ఉచితముగా లభించుచున్న ఆడాసిటీ అను సాఫ్ట్‌వేరు మూలమున, ఒకప్పుడు రేడియో కేంద్రములకును సినిమా స్టూడియోలకును మాత్రమే అందిన ఈ సాధనసంపద, పల్లెగొంతులను పదిలపరచ దలచిన నావంటివారికిని అందుబాటులోనికి వచ్చినది. ఇది సామాన్యమైన మేలు కాదు. అయినను వీనిలో ఏది గొంతునకు సేవ చేయునో, ఏది దానిపై పెత్తనము చేయునో విడదీసి తెలిసికొనుటయే ఈ విద్యలోని కష్టము.

మా అనంతపురపు మెట్టనేలలో మొదటి ప్రత్యర్థి గాలి. ఆషాఢమున మేఘములను తరిమివేసి తాను మాత్రము నిలిచిపోవు గాలి, రామగిరి గుట్టలపై గాలిమరలను త్రిప్పు గాలి, వేరుసెనగ చేనిగట్టున కూర్చుండి మాటలాడు వృద్ధుని యెదుటి మైకులో హోరుమని చొచ్చును. ఆ హోరులో అధికభాగము అతిమంద్రస్థాయిలో నుండును గనుక, 80 హెర్ట్‌జ్‌లకు దిగువనున్న దానిని హైపాస్ ఫిల్టరుతో తొలగించినచో గొంతునకు హాని యంతగా కలుగదు. మిగిలిన సన్నని సవ్వడిని నాయిస్ రిడక్షన్‌కు అప్పగించినప్పుడే చిక్కు వచ్చును. మాటలేని చోట కొంత రొదను మాదిరిగా చూపినచో, ఆ సాధనము దాని స్వభావమును గ్రహించి, ముద్రణమంతటను, ఏ పౌనఃపున్యమున ధ్వని ఆ మాదిరిని మించదో అచ్చట తగ్గించుచు పోవును. మన శ, ష, స లును స్వభావముచే గాలిసవ్వడులే. నాలుగువేల హెర్ట్‌జ్‌ల పైబడి వ్యాపించు ఆ ఊపిరిని యంత్రము రొదయని భ్రమించును. చేట చేతబట్టి తాలుతో గింజనుగూడ చెరిగివేసినట్లు, పట్టు బిగించినకొలది అక్షరము నశించి, గొంతు నీటిలోనుండి పలికినట్లు వినవచ్చును. కొంత గాలిని ఉండనిచ్చుటయే మేలని నా నిశ్చితాభిప్రాయము.

రివర్బ్ విషయమున నేను మరింత కఠినుడను. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వాలెస్ సబైన్, ఒక ఉపన్యాసశాలలో మాట ముగిసినను అయిదు సెకండ్లకు పైగా మ్రోగుచుండుట గమనించి, కుర్చీలపై పరచు మెత్తలను తెప్పించి పరచుచు, ఆ అనురణనమును కొలిచెను. అది గది ఘనపరిమాణమును, అందలి గోడలు మొదలైనవి పీల్చుకొను ధ్వనిని బట్టి యుండునని ఆయన నిరూపించిన విషయమునే నేటి రివర్బ్ అంకెలతో అనుకరించుచున్నది. లేపాక్షి నాట్యమంటపమున పాడిన పాటకు ఆ రాతికంబముల మ్రోత సహజము. కాని నిమ్మలకుంట గ్రామపు తోలుబొమ్మలాటకు గోడ ఎక్కడిది? తెరముందు ఆరుబయట కూర్చున్న కడపటివానికిని చేరునట్లు తీర్చుకొన్న గొంతు అది. యుద్ధఘట్టమున కాలిక్రింది చెక్కలను త్రొక్కి మ్రోగించుచు ఆ కళాకారులు తమ ‘ఎఫెక్టు’ను తామే పుట్టించుకొందురు. 2020లో ఆ కళాకారులలో ఒకరైన దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ లభించిన పిమ్మట ఈ ఆటను ముద్రించువారు పెరిగినచో సంతోషమే. ఆ గొంతునకు లేని మంటపమును కట్టిపెట్టుట మాత్రము అపచారము.

హెచ్చుతగ్గు ధ్వనుల అంతరమును తగ్గించు కంప్రెసర్‌ను నేను వాడుదును. వాక్యాంతమున మాట క్రుంగిపోవు ముదుసలి రైతు మనుమనికి వినబడవలెను గదా! కాని బొమ్మలాటలో గుసగుసకును గర్జనకును గల అంతరమే కళ గనుక అచ్చట దాని జోలికి పోను.

ఈ పనికి పూనుకొను యువకులను నేను కోరునది ఇదియే: ముద్రించిన మూలప్రతిని ఏ ఎఫెక్టును సోకనీయక వేవ్ ఫైలుగా భద్రపరచి, సవరణలన్నియు నకలుపైననే చేసి, ఏ ఎఫెక్టును ఎంత వాడితిరో, ఆనాడు గాలి ఎట్లుండెనో, మైకు ఎంత దూరమున నుండెనో ఆ ఫైలు ప్రక్కనే వ్రాసిపెట్టుడు.