జానపదమూ, యంత్రనాదమూ: ఒక జపాను ప్రయోగం

జానపదకళకూ యంత్రానికీ పుట్టువైరమని మన రచయితలలో చాలమందికి గట్టి నమ్మకం. పిండిమర వచ్చినది కనుక తిరుగటిపాట పోయినది, పంపుసెట్టు వచ్చినది కనుక ఏతంపాట పోయినది అన్న మాటను ఎన్ని వ్యాసాలలో చదివినామో లెక్కలేదు. అందులో సత్యం లేకపోలేదు. కాని ఆ సత్యం పాత పాట ఎందుకు పోయినదో చెప్పగలదే గాని, పిండిమర పక్కన కొత్త పాట ఎందుకు పుట్టలేదో చెప్పజాలదు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానాన్ని గ్రంథాలలో గాక పాత సామానుల కొట్టులో వెదికిన ఒక జపాను సంగీతకారుని కృషి మన రచయితలు తెలిసికొనదగినది.

ఆయన పేరు ఏయి వాదా, 1987లో జన్మించినాడు. పాతకాలపు టేపురికార్డర్లనే వాద్యాలుగా చేసి వాయించే ఓపెన్ రీల్ ఎన్సెంబుల్ అనే బృందాన్ని 2009లో ఏర్పరచినాడు. 2015లో ఎలక్ట్రానికోస్ ఫాంటాస్టికోస్ అన్న విచిత్రమైన పేరుతో మరొక ఉద్యమానికి పూనుకొన్నాడు. జనం పారవేసిన టెలివిజన్లు, విద్యుత్ పంకాలు, దుకాణాలలో సరకుల మీది గీతలను చదివే బార్‌కోడు పరికరాలు - వీటిని వాద్యాలుగా మార్చడమే ఆ ఉద్యమం పని. టోక్యో, క్యోటో, హిటాచి నగరాలలో ఔత్సాహికులు, ఇంజనీర్లు, సంగీతం ఏమాత్రం నేర్వనివారు కలిసి వీటిని తయారు చేసినారు. హిటాచి, అదే పేరుగల విద్యుత్పరికరాల సంస్థ పుట్టిన ఊరు. ఈ వాద్యాలతో 2017లో టోక్యో టవరు పాదమూలంలో ఉత్సవం చేసినారు. వీరి ప్రదర్శనలలో నాకు ముఖ్యమని తోచినది విద్యుదయస్కాంత బొన్ నృత్యం.

బొన్ నృత్యమంటే ఏమిటో కొంత వివరించవలసి ఉన్నది. జూలై, ఆగస్టు మాసాలలో పితృదేవతలు ఇళ్ళకు తిరిగి వస్తారని జపానీయుల విశ్వాసం. వారిని ఆహ్వానించి, ఆదరించి, మరల సాగనంపుతారు. ఈ పండుగకు మూలమైన కథ మనకు పరాయిది కాదు: బుద్ధుని శిష్యుడైన మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో అలమటించే తల్లిని చూచి, ఆమెను ఉద్ధరించే ఉపాయం గురువును అడిగి తెలుసుకొన్నాడు. ఉత్సవస్థలి నడుమ యగురా అనే ఎత్తయిన కర్రమంచె కడతారు. దాని మీద డోలు మ్రోగుతుంది. ఊరివారంతా చుట్టూ వలయంగా తిరుగుతూ ఆడుతారు. చూచేవారు, ఆడేవారు అన్న భేదం ఉండదు. ముందున్నవారి చేతులు చూచి అడుగు కలపవచ్చును. పూలపేర్పును నడుమ నిలిపి చుట్టూ చప్పట్లతో తిరిగే మన బతుకమ్మ ఆటను ఎరిగినవారికి ఈ సంవిధానం వెంటనే బోధపడుతుంది. అక్కడ బతుకమ్మను నీటిలో సాగనంపినట్లే, ఇక్కడ కొన్ని ప్రాంతాలలో దీపాలను నీటిపై విడుస్తారు.

వాదా చేసినది ఈ వలయం నడుమ పాత టెలివిజన్లను నిలపడం. అంతమాత్రమే అయితే దానిని వేడుక అని విడిచిపెట్టవచ్చును. కాని జపానులో పాతపద్ధతి టెలివిజన్ ప్రసారాలు 2011 జూలై 24న నిలిచిపోయినవి. భూకంపానికి, సునామీకి గురియైన మూడు ఈశాన్య మండలాలలో మాత్రం 2012 మార్చి 31 వరకు సాగినవి. 1953లో మొదలై అరువది ఏండ్లపాటు ఇంటింటా వెలిగిన గాజుతెర ఒక్కనాటితో గ్రుడ్డిదయినది. ఆ ప్రసారాలను దశాబ్దాలపాటు వెదజల్లినది 1958లో నిర్మించిన 333 మీటర్ల టోక్యో టవరే. ఆ గోపురం క్రింద ఆ పెట్టెలచేతనే మాట్లాడించడమంటే ఏమిటి? మృతులను పిలిచే పండుగలోనికి మృతయంత్రాలను పిలిచినారు. నూరేండ్లు వాడిన పనిముట్లకు ప్రాణం వస్తుందని జపానులో ఒక ప్రాచీనవిశ్వాసం ఉన్నది. అట్టి వస్తుభూతాలను త్సుకుమోగామి అంటారు. కనుక ప్రయోగం సంప్రదాయం మీద అతికించినది కాదు, సంప్రదాయపు తర్కంలోనుండి వచ్చినది.

ఇక వాద్యాల సంగతి. ఒకనాడు వాదా శబ్దపు తీగను పొరపాటున టెలివిజన్‌లో దృశ్యానికి ఉద్దేశించిన రంధ్రంలో గ్రుచ్చినాడు. తెర మీద చారలు కనిపించినవి. అంటే శబ్దం బొమ్మ అయినది. తరువాత ఆ తెర ముందు అరచేయి పెట్టినాడు. తెరనుండి వెలువడే విద్యుత్ ప్రకంపనలు శరీరంలోనికి ప్రవేశించి, శరీరానికి తగిలించిన తీగ గుండా గిటారు శబ్దవర్ధకానికి చేరి, మరల శబ్దమైనవి. చారల సంఖ్యను బట్టి స్వరం మారుతుంది. ఇట్లు వేర్వేరు స్వరాల టెలివిజన్లను వరుసగా పేర్చి, డోళ్ళను వాయించినట్లు చేతులతో తెరలను తట్టుతారు. నేను చిరకాలంగా అనువాదాలు చేస్తున్నవాడను కనుక ఈ ప్రక్రియ నన్ను ప్రత్యేకంగా ఆకర్షించినది. శబ్దం దృశ్యంలోనికి అనువదింపబడి, దృశ్యంనుండి తిరిగి శబ్దంలోనికి వచ్చినది. కాని బయలుదేరిన శబ్దం, చేరుకొన్న శబ్దం ఒకటి కావు. నడుమ ఒక మనిషి దేహం ఉన్నది. తిరుగనువాదం చేయించి మూలంతో సరిపోల్చే సంపాదకులు ఒక్కసారి ఈ వాద్యాన్ని వినవలెను.

పంకాతో చేసిన వాద్యం ఇంకను సులభమైనది, నా దృష్టిలో ఇంకను అందమైనది. పంకా రెక్కలకు బదులు రంధ్రాలు చేసిన గుండ్రని పలకను అమర్చుతారు. ఒక వైపు దీపం, మరొక వైపు వెలుతురును విద్యుత్తుగా మార్చే పరికరం. పలక తిరుగుతుండగా వెలుతురు ముక్కలుముక్కలుగా తెగి, ఆ తెగుళ్ళ వేగమే స్వరమవుతుంది. సెకనుకు 20 చుట్లు తిరిగే పలకకు 22 రంధ్రాలుంటే 440 ప్రకంపనలు. పాశ్చాత్యులు వాద్యాలను శ్రుతి చేసుకొనే స్వరమది. పంకా వేగం తగ్గితే స్వరం జారుతుంది. మన చెవికి అది గమకంలా వినిపిస్తుంది. మీటలు నొక్కే వాద్యాలు ఇవ్వలేని ఆ జారుడు ఈ చౌక పంకా ఇచ్చినది.

బార్‌కోడు వాద్యం విషయంలో నా అభిప్రాయం వేరు. గీతలమీద ప్రసరించే కాంతి తిరిగి వచ్చే లయనే నేరుగా ధ్వనిగా వినిపించే ఉపాయం చమత్కారమైనదే. చారల చొక్కాలు తొడుగుకొన్నవారిని నిలబెట్టి ఆ చొక్కాలను వాయించే చిత్రాలు లోకమంతటా ప్రచారం పొందినవి. కాని అది ఒక్క నవ్వుతో తీరిపోయే చమత్కారం. నిమిషం చిత్రంగా చూచినవారు వాద్యాన్ని చూస్తారు గాని నృత్యాన్ని చూడరు. వలయంలో పడిన తరువాతనే ఈ ధ్వనులకు బరువు వస్తున్నది. పదిమంది అడుగు ఒక్కటిగా పడేందుకు తోడ్పడని మ్రోత ఎంత నూతనమైనా బొన్ నృత్యానికి పనికిరాదు.

సంప్రదాయవాదులు ఒక అభ్యంతరం చెప్పవచ్చును: ఇది జానపదాన్ని యంత్రంతో కలుషితం చేయడం కాదా అని. ఈ అభ్యంతరం నిలువదు. బొన్ వలయాలలో నేడు విరివిగా వినబడే టోక్యో ఒందో అనే పాట ఏ పల్లెలోనూ పుట్టలేదు. 1933లో గ్రామఫోను రికార్డు కొరకు సైజో యాసో అనే కవి వ్రాయగా, నకయామ షింపే స్వరపరచినాడు. అంతకన్న ప్రసిద్ధమైన తాన్కో బుషి బొగ్గుగని కార్మికుల పాట. క్యూషూ దీవి గనులలోనిది. ఆ ఆటలో చేతులు బొగ్గు త్రవ్వుతవి, భుజాన వేసుకొంటవి, బండిని నెట్టుతవి. గనులు మూతపడినవి, అభినయం మిగిలినది. 2022లో యునెస్కో వారసత్వపట్టికలో చేరిన జపాను వలయనృత్యాలలో శతాబ్దాల నాటివి ఉన్నవి, నిజమే. అయినా ఈ సంప్రదాయం యంత్రయుగపు చెమటను, రికార్డు కంపెనీ సరకును కూడ తనలో కలుపుకొని జీర్ణించుకొన్నదని మరువరాదు.

మన అనుభవం మాత్రం వేరా? 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించి, మూడు దశాబ్దాలపాటు దగ్గరకు రానీయలేదు. అది పరదేశపు పెట్టె, గమకం పలుకలేదని కారణం. అదే కాలంలో ఆ పెట్టె లేనిదే తెలుగు పద్యనాటకం తెర లేవలేదు. పండితుల తీర్పు ఒకటి, రంగస్థలం తీర్పు మరొకటి.

అయితే యంత్రం వచ్చినంతనే సంప్రదాయంలో కలిసిపోదు. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరుతో ఒక ఎలక్ట్రానిక్ సంగీతశాలను ఏర్పరచినాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి మొదలైనవారు అక్కడ రచనలు చేసినారు. ఆ టేపులు దశాబ్దాలపాటు భద్రాలయంలో నిదురించి, 2023లో గాని రికార్డుగా లోకానికి వినబడలేదు. ఆ సంగీతంలో ప్రతిభకు లోటు లేదు. లేనిది వలయం. దూరదేశంనుండి వచ్చిన ఖరీదైన యంత్రం, మూసిన గది, టేపుకు వినిపించే ఒంటరి రచయిత - ఇవి అక్కడి పరిస్థితులు. వాదా యంత్రాలో, ప్రతి ఇంటి అటకమీదను దొరికేవి. వాటిని చూచి ముసలివారు తమ ఇంటి పాత టెలివిజన్‌ను జ్ఞాపకం చేసుకోగలరు. జానపదమని పిలువదగినది రాగంలో లేదనీ, ఈ పరిచయంలో ఉన్నదనీ నాకు తోస్తున్నది.

ఒక లోపాన్ని చెప్పక తప్పదు. బొన్ పాటలలో మాట ఉన్నది. ఊరి పేరు, కొండ పేరు, చంద్రుడు, ప్రియుడు, ఎకసక్కెం అన్నీ ఉన్నవి. ఈ విద్యుద్వాద్యాల హోరులో మాటకు దక్కిన చోటు స్వల్పం. పితృదేవతలను పిలిచే పాటకు దీటుగా యంత్రప్రేతాలను పిలిచే పాటను వ్రాయగల కవి ఆ వలయంలోనికి ఇంకను రావలసి ఉన్నాడు. అతడు ఏమని వ్రాస్తాడో గాని, గనిపాట వ్రాసినవారు బొగ్గును ఎరిగినట్లు అతడు ఆ గాజుతెరను ఎరిగి ఉండవలెను.

అతనికి గడువు కూడ ఎక్కువ లేదు. టెలివిజన్ల కొరకు ఆ గాజుగొట్టాలను తయారు చేసే కర్మాగారాలు మూతపడినవి. పాట నోటినుండి నోటికి పోగలదు, డోలు చర్మం చినిగితే మార్చవచ్చును. పగిలిన గాజుగొట్టానికి మారు లేదు. ప్రదర్శన జరిగిన ప్రతిసారీ ఆ వరుసలోని ఏదో ఒక తెర ఆరిపోవచ్చును, దానితోపాటు ఆ స్వరమున్నూ.