కొండకు చెల్లించే మొక్కు

పెరూలోని పీసాక్ కొండ ఎక్కితే రెండు రకాల మొక్కులు కనిపిస్తాయి. పర్యాటకులు చెక్కిన రాతి వైపు అరచేతులు చాపి కళ్లు మూసుకుంటారు, రాతిలోని శక్తి ఒంట్లోకి వస్తుందని. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లయితే చిరుగు లేని మూడు కోకా ఆకులు ఏరి, కాడలు కలిపి పట్టుకుని, పెదాల దగ్గర పెట్టి శిఖరాల వైపు మెల్లగా ఊదుతారు. ఒకరిది తీసుకునే మొక్కు, ఇంకొకరిది ఇచ్చే మొక్కు. నాకు నచ్చింది రెండోది.

కుస్కో నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఈ కట్టడాలు 15వ శతాబ్దపు ఇంకాలవి. పైన ఇంతివతానా అనే గుడి దగ్గర, కొండలోంచి పొడుచుకొచ్చిన బండనే చెక్కి చుట్టూ వంపు గోడ కట్టారు. సున్నం లేకుండానే రాయి రాతిలో ఒదిగిపోయింది. లోపల విగ్రహం కోసం వెతకక్కర్లేదు, కొండే అక్కడి దైవం. అరుణాచలం చుట్టూ తిరిగొచ్చినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

ఊళ్లను కాచే కొండదేవరలను అక్కడ 'అపు' అంటారు. కుస్కో ప్రాంతంలో పెద్ద అపు 6,384 మీటర్ల ఔసంగతే. కొండల నీళ్లే లోయల పొలాలకు ఆధారం. పీసాక్‌లో గుడికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది వాలు పొడవునా దిగే మెట్ల చేలు, ఇప్పటికీ నీళ్లు పారే రాతి కాలువలు. ఆ పొలాల్లో ఒక మాట ఉంది: ఇవాళ నీ చేలో నేను పనిచేస్తే రేపు నా చేలోకి నువ్వు రావాలి. 'అయ్ని' అనే ఈ కట్టుబాటు కొండకూ నేలకూ వర్తిస్తుంది. అందుకే ఆగస్టులో, విత్తనాలకు ముందు, నేలతల్లి పచమామకు నైవేద్యం పెడతారు.

17వ శతాబ్దంలో చర్చి అధికారులు పెరూలో ఊరూరా తిరిగి ఇలా పూజలందుకునే రాళ్లను పగలగొట్టించారు. రాళ్లు పోయాయి, మొక్కు పోలేదు. కొండను ఎవరు పగలగొట్టగలరు? ఇక మన కాలంలో, 2000లో, మచూపిచూలో ఇదే పేరున్న ఇంతివతానా రాతి అంచు ఒక బీరు ప్రకటన షూటింగ్‌లో క్రేన్ తగిలి విరిగింది. కొండ దగ్గరికి తీసుకోవడానికే వెళ్లే అలవాటు ముదిరితే అంతే.

అలాగని మనమూ ఆకులు ఊదితే అది వేషమే అవుతుంది. మెట్ల చేలు తొక్కకుండా బాటనే నడవడం, ఆ ఊరివాణ్ణే గైడుగా పెట్టుకుని బేరమాడకుండా డబ్బివ్వడం, ఆయన కొండకు మొక్కుకుంటుంటే ఫోను జేబులో పెట్టుకోవడం. బయటివాళ్లం చెల్లించగలిగిన మొక్కులు ఇవి.